తెరవని గేర్‌బాక్స్

"లేదు."

ఆ అమ్మాయి చేతిరుమాలు ముడి ఇంకా విప్పనే లేదు. అతను మాత్రం చెప్పేశాడు.

"ఏం లేదు?" అంది ఆమె.

"మీరు అడగబోయేది."

"అబ్బో! మీకు రుమాల్లోపల ఉన్నవి కూడా కనిపిస్తాయా?"

"ఇంత వానలో గొడుగు కూడా లేకుండా, ఓ ఇనపముక్కని రుమాల్లో చుట్టుకుని పదిలంగా పట్టుకొచ్చారంటే అది ఎక్కడా దొరకని పార్టే అయ్యుంటుంది. ఎక్కడా దొరకనిది ఇక్కడ మాత్రం ఎందుకుంటుంది?"

"ఇనుము కాదు, గన్‌మెటల్. కంచు లాంటిది," అంటూ ఆమె కౌంటర్ మీద రుమాలు పరిచింది.

వాన పట్టుకుని ఇరవై రోజులైంది. వీధంతా బురద. షాపులోనూ సగం చీకటే. నేల నుంచి కప్పుదాకా అరలు, అరల్లో అట్టపెట్టెలు, పెట్టెల్లో ఎప్పుడో మూతపడిన కంపెనీల మోటార్ సైకిళ్ల విడిభాగాలు. కొనేవాళ్ల కన్నా చూసి నిట్టూర్చి వెళ్లేవాళ్లే ఎక్కువ.

ఆ వీధిలో అతన్ని అందరూ డూప్లికేట్ అంటారు. అన్న బతికున్న రోజుల్లో పడిన పేరది. వచ్చినవాళ్లు గుమ్మంలోంచే "ఒరిజినల్ లేడా?" అని అడిగేవాళ్లు. ఒరిజినల్ అంటే అన్న. చెయ్యి పెడితే చాలు, మొరాయించిన బండి కదిలేది. నాలుగేళ్ల కిందట అన్న పోయాడు. ఆ పేరూ అతనితోనే పోయింది. డూప్లికేట్ మాత్రం మిగిలాడు. పిలిచేవాళ్ల మనసులో ఎగతాళి లేదు. అయినా పిలిచిన ప్రతిసారీ అతనికి లోపల ఎక్కడో కలుక్కుమనేది.

రుమాల్లో ఉన్నది ఉంగరమంత బుష్. రెండు ముక్కలైంది. అది ఏ బండిదో చూడగానే అతనికి తెలిసిపోయింది.

"గేర్‌బాక్స్‌లో షాఫ్ట్ చివర కూర్చునే బుష్. మా నాన్న బండిది," అంది ఆమె. "కంపెనీ మూతపడి ముప్పై ఏళ్లయింది."

"లేత్ మీద చేయించుకోవచ్చుగా?"

"ఎవరి చేత? నేనే టర్నర్ని. వెనక వీధిలో లేత్ షాపు మాదే."

లేత్ అమ్మాయి అంటే ఈమేనా! పేరు వినడమే గాని అతను ఎప్పుడూ చూడలేదు. గోళ్ల చుట్టూ నల్లటి నూనె మరక. కనుబొమ మీంచి వాన చినుకు జారుతోంది. దాన్ని మోచేత్తో తుడుచుకుంది గాని మురికి చేత్తో ముట్టుకోలేదు. పనివాళ్ల అలవాటు.

"చెయ్యడం గొప్ప సంగతేం కాదండీ. సరైన కొలత కావాలి. ఇది అరిగి అరిగి కాగితంలా అయింది. దీన్ని చూసి చేస్తే అరిగినదే తయారవుతుంది. అరగని బుష్ ఒక్కటి చూపించండి. అరగంటలో కొలతలు తీసుకుని మీ వస్తువు మీకిచ్చేస్తా."

"లేదండీ."

"పోనీ, ఎవరి బండిలోనైనా ఉందా?"

"ఆ బండి ఈ ఊళ్లో ఇంకోటి లేదు."

అది పచ్చి అబద్ధం. అలాంటి బండే ఇంకోటి అతని ఇంటి పెరట్లో, రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద ఉంది. అది అన్న బండి. నాలుగేళ్ల కిందట ఓ ఆదివారం అన్న గేర్‌బాక్స్ మొత్తం విప్పాడు. ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన కొత్త బుష్ వేసి, మూత బిగించి, ఒక్కసారి కిక్ కొట్టి, ఆ చప్పుడు చెవి పెట్టి విన్నాడు. "రేపు తిప్పుదాం రా," అన్నాడు. తెల్లారేసరికి జ్వరం. కామెర్లన్నారు. పదకొండు రోజుల్లో మనిషి లేడు.

ఆ మూత మీది బోల్టులు అన్న చేత్తో బిగించినవి. వాటి మీద ఇంకొకరి స్పానర్ పడటం అతను ఊహించుకోలేకపోయాడు. ఊహించుకోలేక అబద్ధమాడాడు.

ఆమె రుమాలు మళ్లీ ముడి వేసుకుంటుంటే ఆ ముఖం చూడలేక, "ఆదివారం పాత ఇనుము యార్డుల్లో వెతుకుదాం, నాకు తెలిసినవాళ్లున్నారు," అన్నాడు. తప్పు చేసినవాడికి ఎక్కడలేని మంచితనమూ పుట్టుకొస్తుంది.

* * *

నాలుగు ఆదివారాలు వెతికారు.

యార్డుల్లో మోకాలెత్తున తుప్పు పట్టిన ఇనుము. పైన వాన, కింద నూనె తేలుతున్న నీళ్లు. ఆమె ఒక్కో గేర్‌బాక్స్‌నీ పక్కకి దొర్లించి, టార్చి వేసి, లోపలికి తొంగి చూసేది. అతను గొడుగు పట్టుకుని నిలబడేవాడు.

"గొడుగు మీ మీద పట్టుకోండి. నేనెలాగూ తడిసిపోయాను."

"నేనూ తడిసిపోయాను."

"మరి ఎవరి కోసం పట్టుకున్నట్టు?"

"గొడుగు తడవకూడదని," అన్నాడు. ఆమె నవ్వాపుకోలేక టార్చి జారవిడిచింది. ఆమె నవ్వు చూడటం అతనికి అదే మొదటిసారి.

"ప్రతి కస్టమర్ వెనకా ఇలాగే తిరుగుతారా?" అని అడిగింది మరో ఆదివారం.

"మా షాపుకి కస్టమర్లు వస్తేగా తిరగడానికి."

"వచ్చినవాళ్లని మొదటి మాటకే లేదంటే ఎందుకొస్తారు?"

అతను గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ఆమె వాళ్ల నాన్న గురించి చెప్పింది. ముప్పై ఐదేళ్లు లేత్ ముందు నిలబడిన మనిషి. ఏడాది కిందట పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

"బండి. అంతే. పొద్దున లేవగానే 'బండి?' అంటాడు. అన్నం పెడుతుంటే 'బండి?' అంటాడు. అయిపోవచ్చింది నాన్నా అంటాను. నేను అబద్ధమాడుతున్నానని ఆయనకి తెలిసిపోతుంది. గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ ఒక్క మాటా పోకముందే బండి చప్పుడు ఆయనకి వినిపించాలండీ."

అప్పుడైనా అతను చెప్పాల్సింది. చెప్పలేదు. అసలు సంగతేమిటంటే, ఆ అమ్మాయి మీద అతను మనసు పడ్డాడు. బుష్ దొరకని ప్రతి ఆదివారం ఇంకో ఆదివారానికి దారి అయింది. దొరకలేదని ఆమె దిగులుపడుతుంటే అతని లోపల ఒక మూల సంతోషపడేది. ఆ సంతోషం తెలిసొచ్చినప్పుడు అతనికి తన మీద తనకే అసహ్యం వేసేది.

ఐదో వారం ఆమే షాపుకొచ్చి, కౌంటర్ మీద కొత్త బుష్ పెట్టింది.

"ఇంక వెతకడం నా వల్ల కాదు. అరిగింది పోను ఎంత ఉండేదో అంచనా వేసి చేసేశా. రెండ్రోజులు ఇంటికి దూరంగా తిప్పి చూసి, కుదిరాకే నాన్నకి వినిపిస్తా. ఎలా ఉంది?"

అతను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. లోపలా బయటా మిలమిలా మెరుస్తోంది. ఎక్కడా గీత లేదు. "అద్దంలా ఉంది," అన్నాడు.

మర్నాడు ఆమె ఆ బండి మీద షాపు ముందు నుంచి వెళ్తూ రెండుసార్లు హారన్ కొట్టింది. పోనీలే, అంతా సర్దుకుందనుకున్నాడు అతను. అన్న బోల్టులు అలాగే ఉన్నాయి, ఆమె బండీ నడుస్తోంది. రెండు రోజులు బాగా నిద్రపోయాడు.

మూడోరోజు పొద్దున టీ బంకు దగ్గర ఎవరో అన్నారు. "లేత్ అమ్మాయి నిన్న బండి మీంచి పడిందట. నడుస్తున్న బండి ఉన్నట్టుండి పట్టేసిందట."

* * *

లేత్ షాపు వెనక గదిలోనే వాళ్ల కాపురం. అతను వెళ్లేసరికి ఆమె నాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఎడమచెయ్యికి వేళ్ల నుంచి మోచేయిదాకా కట్టు. చెంప మీద గీరుకుపోయిన గాయం.

"బతికే ఉన్నాను లెండి, అలా చూడకండి," అంది. "గేర్‌బాక్స్ పట్టేసింది. చక్రం ఆగిపోయింది. నేను మాత్రం ఆగలేదు."

అతనికి నవ్వు రాలేదు.

ఆమె కిటికీలోంచి బుష్ తీసి చూపించింది. అద్దంలా ఉన్న బుష్ మాడి నల్లబడి ఉంది.

"పక్క షాపువాళ్ల చేత విప్పించా. తప్పెక్కడో నాకు అర్థం కాలేదు. తీసుకెళ్లి నాన్నకి చూపించా. చాలాసేపు చూశాడు. తర్వాత పనిచేసే చేతి వేలితో నా కట్టు మీద గీత గీశాడు. ఇలా, మెలి తిరుగుతూ." ఆమె కుడిచేతి వేలు కట్టు చుట్టూ మెల్లగా తిరిగింది. "ఆయిల్ గాడి! లోపల నూనె పారడానికి మెలికగా గాడి ఉంటుంది. అరిగి అరిగి పాత బుష్‌లో అది పూర్తిగా చెరిగిపోయింది. లేనిదాన్ని నేనెలా చూస్తాను? నున్నగా చేశాను. నూనె అందక మాడిపోయింది. గాడి ఎంత లోతో, ఎటు మెలి తిరగాలో నాన్న చెప్పలేడు. మంచి శాంపిల్ ఒక్కటి దొరికుంటే..."

మంచం మీంచి ముసలాయన "బండి?" అన్నాడు.

"నా దగ్గర ఉంది," అన్నాడు అతను.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"శాంపిల్. మా అన్న బండిలో. మీరు మొదటిరోజు అడిగినప్పుడే ఉంది." ఆగితే మళ్లీ నోరు పెగలదని గబగబా చెప్పేశాడు. ఆదివారం, బోల్టులు, జ్వరం, పదకొండు రోజులు, అన్నీ.

ఆమె మాడిన బుష్‌ని తిరిగి కిటికీలో పెట్టింది. బయట వాన పెద్దదైంది.

"నాలుగు ఆదివారాలు," అంది చివరికి. "మీ ఇంట్లోనే ఉందని తెలిసీ నా వెంట తిరిగారు. గొడుగు పట్టుకుని మరీ."

"యార్డులో నిజంగా దొరుకుతుందేమోనని..."

"చెయ్యి విరిగినందుకు కాదు నా ఏడుపు. చెయ్యి అతుక్కుంటుంది. మా అన్న గుర్తండీ, విప్పలేనండీ అని ఉంటే నేను మళ్లీ అడిగేదాన్నా? నేనూ నాన్న వాడిన ఉలిని ఎవర్నీ ముట్టుకోనివ్వను. నాకు అర్థం కాదనుకున్నారు కదూ?"

"అది కాదు..."

"వెళ్లండి."

వెళ్లిపోయాడు. గొడుగు అక్కడే మర్చిపోయాడు.

* * *

ఇంట్లో అతనూ, అమ్మా, వదినా. వదిన బడిలో లెక్కలు చెబుతుంది. ఆ సాయంత్రం పిల్లల పేపర్లు దిద్దుకుంటూ, తడిసి ముద్దయి వచ్చిన మరిదిని చూసి కలం పక్కన పెట్టింది.

"ఏం మరిదిగారూ, ఎవరైనా పోయారా?"

దాచడం చేతకాక మొత్తం చెప్పాడు. ఆమె ముఖం చూస్తూ చెప్పలేక నేల చూస్తూ చెప్పాడు.

"ఆ బండి విప్పితే నువ్వు బాధపడతావని, వదినా..."

"నేనా?" వదిన తెల్లబోయింది. "నువ్వు బాధపడతావని కదయ్యా నేను నాలుగేళ్లుగా ఆ షెడ్డులో అడుగు పెట్టంది! బట్టలు ఆరేయడానికి ఆ చోటు ఎంత కావాల్సొచ్చినా నోరు మూసుకున్నాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి కోసం ఒకరు నాలుగేళ్లు ఒక టార్పాలిన్‌కి కాపలా కాశారు.

"ఆ అమ్మాయి ఇల్లెక్కడో చెప్పు," అంటూ వదిన లేచింది.

"రాదు వదినా. నా ముఖం చూడదు."

"నీ ముఖం చూడమని అడుగుతానా? బండి చూడమంటాను."

ఏం చెప్పి తీసుకొచ్చిందో గాని, మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ ఒకే గొడుగులో వచ్చారు. అది అతను మర్చిపోయిన గొడుగే. లేత్ అమ్మాయి అతని వైపు చూడకుండా నేరుగా షెడ్డులోకి నడిచింది. వదిన గడప మీద కూర్చుంది.

టార్పాలిన్ తీశారు. దుమ్ము లేచింది. నీలం రంగు ట్యాంకు వెలిసిపోయి ఉంది.

స్పానర్ అతని చేతిలో ఉంది గాని మొదటి బోల్టు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. లేత్ అమ్మాయి పక్కన చతికిలబడి మెల్లగా అంది.

"చెయ్యి వణికితే బోల్టు తల చెడిపోతుంది. ఊపిరి తీసుకుని పట్టండి. తొందరేం లేదు. ఇవాళ వద్దనుకుంటే రేపు విప్పుదాం."

అతను ఊపిరి తీసుకున్నాడు. బోల్టు కిర్రుమంది, తిరిగింది. ఒకటి, రెండు, మూడు... ఒక్కోటీ వదిన చాచిన చేతిలో పెట్టాడు. ఏడో బోల్టు దగ్గర అతనికి కళ్లు కనిపించలేదు. భుజానికి కళ్లు తుడుచుకుని అదీ తీశాడు.

మూత ఊడి వచ్చింది. మూతకీ పెట్టెకీ మధ్య నూనె కారకుండా పెట్టే కాగితం, గాస్కెట్, సగం చిరిగి మూతకే అంటుకుని ఉంది. లేత్ అమ్మాయి గుడ్డతో దాన్ని తుడిచి, కళ్లు చిట్లించి చూసింది.

"ఇది కంపెనీ గాస్కెట్ కాదు. ఏదో కార్డు కత్తిరించి చేశారు. దీని మీద అక్షరాలున్నాయి."

నూనెలో నానిన కాగితం మీద బంగారు రంగు అచ్చు. చివర్న 'తప్పక రావలెను' అన్నది మాత్రం సరిగ్గా చదవొచ్చు. పేర్లుండే చోట బోల్టు కోసం చేసిన రంధ్రాలు.

వదిన గడప మీంచి లేచి వచ్చింది. ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

"మా పెళ్లి కార్డు," అంది. "దాచుకుందామని ఒకే ఒక్కటి మిగుల్చుకున్నా. ఆ ఆదివారం బీరువాలో కనపడలేదు. నువ్వు తీశావా అంటే నేను చూడనే లేదన్నాడు. ఇల్లంతా వెతికి, విసుక్కుని, రాత్రి మాట్లాడకుండా పడుకున్నా. తెల్లారితే జ్వరం." ఆమె వేలు ఓ రంధ్రం మీద ఆగింది. "ఇంత మందం కార్డు ఇంకెక్కడా దొరకలేదా ఈ మహానుభావుడికి? నా పేరు మీదే బోల్టు వేశాడు చూడు!"

నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం. రెండూ ఒకేసారి వచ్చాయి. లేత్ అమ్మాయి మంచి చేత్తో ఆమె భుజం పట్టుకుంది. వాన తగ్గేదాకా ముగ్గురూ అలాగే కూర్చున్నారు.

కాసేపటికి వదిన ముక్కు తుడుచుకుని, "చూశావా అమ్మాయీ," అంది, "దగ్గర పెట్టుకుని లేదనడం ఈ అన్నదమ్ములకి అలవాటే."

ఆ రోజు లేత్ అమ్మాయి మొదటిసారి అతని వైపు చూసింది. నవ్వలేదు గాని, చూసింది.

* * *

బుష్ ఊడదీశారు. లోపల గాడి స్పష్టంగా, చెక్కుచెదరకుండా మెలి తిరిగి ఉంది. ఆమె కొలతలు చెబితే అతను రాసుకున్నాడు. అన్న చేతి అక్షరాల్లా రాయాలని చూసి, కుదరక, తన అక్షరాలతోనే రాశాడు.

ఎడమచెయ్యి కట్టులో ఉంటే లేత్ నడవదు. అందుకని వారంపాటు సాయంత్రాలు ఆమె ఎడమచెయ్యి అతనే అయ్యాడు.

"చక్రం మీద రెండు గీతలు లోపలికి."

"తిప్పాను."

"మూడు తిప్పారు. నాకు చప్పుడులోనే తెలుస్తుంది. ముక్క పాడైంది, మళ్లీ మొదట్నుంచి."

"మీ లేత్ కూడా మీలాగే మాట పడదు."

"అది అబద్ధమూ ఆడదు."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అతను కొత్త ముక్క బిగించాడు.

మూడో ముక్క కొలతకి సరిపోయింది. గాడి మాత్రం చేత్తో, చిన్న ఉలితో చెక్కాలి. బల్ల మీద అతను బుష్ పట్టుకున్నాడు. ఆమె కుడిచేత్తో నాన్న ఉలి పట్టుకుని వంగింది. ఆమె జుట్టు అతని మణికట్టుకి తగులుతోంది.

"కదిలారంటే వేలు తెగుతుంది. దానికి స్పేర్ దొరకదు, కంపెనీ ఎప్పుడో మూసేశారు."

"కదలను." కాసేపాగి అడిగాడు. "కోపం పోయిందా?"

"పోలేదు." ఉలి ఒక వెంట్రుకంత ముందుకి జరిగింది. "కోపం ఉంది. దాంతోపాటు ఇంకోటీ ఉంది. రెండూ కలిసి నా లోపల సర్దుకోలేక చస్తున్నాయి."

అతని వేళ్లు కదలబోయి ఆగాయి.

"మొదటిరోజే నా దగ్గర ఉందని మీకు చెప్పాల్సింది. తర్వాత మీరంటే ఇష్టమనీ చెప్పాల్సింది. రెండూ దాచిపెట్టాను. ఇకమీదట ఏదీ దాచను."

"చూద్దాం," అంది ఆమె, తల ఎత్తకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ రాత్రే కొత్త బుష్‌ని ఆమె బండిలో బిగించారు. మర్నాడు పొద్దున ఆమె నాన్నని కిటికీ దగ్గర దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. బయట అతను కిక్ కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి బండి అందుకుంది. గేరు వేసి, వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి కిటికీ కింద ఆపాడు.

ముసలాయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

"బండి," అన్నాడు.

ఇన్నాళ్లూ అడిగేవాడు. ఇవాళ చెప్పాడు. ఆమె నాన్న ఒళ్లో ముఖం దాచుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

* * *

ఆ సాయంత్రం అన్న బుష్‌ని దాని చోట పెట్టడానికి ఇద్దరూ షెడ్డుకి వచ్చారు. వదిన టీ తెచ్చింది. అమ్మ కూడా వచ్చి గడపలో కూర్చుంది. బుష్ ఇట్టే కూర్చుంది. మూత పెట్టబోతూ అతను ఆగాడు.

"గాస్కెట్ లేదు. చిరిగిపోయిందిగా."

"అట్ట ఏదైనా ఉంటే కత్తిరించేద్దాం," అంది లేత్ అమ్మాయి.

"మామూలు అట్ట పనికిరాదు," అంది వదిన. "ఈ బండికి పెళ్లి కార్డు అలవాటు. పాతది నేను దాచుకున్నా, ఇవ్వను. కొత్తది కావాలంటే మరి మీరిద్దరే ఏదో ఒకటి చూడాలి."

అతని చేతిలో టీ ఒలికింది. అమ్మ వదిన వైపు చూసి, అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేత్ అమ్మాయి మాత్రం టార్చి వేసి గేర్‌బాక్స్ లోపలికి చాలాసేపు, చాలా శ్రద్ధగా చూసింది. అక్కడ చూడాల్సిందేమీ లేదు.

"అందాకా ఇది తెరిచే ఉంచమంటారా?" అన్నాడు అతను, గొంతు సవరించుకుని. నాలుగేళ్లు ఆ మూత మీద చెయ్యి పడనివ్వనివాడు అడిగిన మాట అది.

ఆమె టార్చి ఆర్పింది. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

"ఉంచండి," అంది. "కానీ ఎక్కువ రోజులు ఆగితే కుదరదు. ఈ వానకి లోపల తుప్పు పడుతుంది."